బోధనా పురస్కారానికి ఎవరిని, ఏం చూసి ఎంపిక చేయాలి?

సుద్దముక్క

మా విశ్వవిద్యాలయంలో వచ్చే విద్యాసంవత్సరం నుంచి ఉత్తమ బోధనకు ఏటా రెండు పురస్కారాలు ఇవ్వాలని నిర్ణయించారు. నియమావళి ముసాయిదా రాసే పనిని ఐదుగురు సభ్యుల కమిటీకి అప్పగించారు, అందులో నేనూ ఉన్నాను. గతంలో పరిశోధన పురస్కారానికి నియమాలు రాసినప్పుడు మాకు పెద్ద ఇబ్బంది కలగలేదు. పత్రాలు, ప్రాజెక్టులు, పేటెంట్లు లెక్కకు దొరుకుతాయి. వాటి విలువ గురించి ఎంతైనా వాదించుకోవచ్చు గానీ అవి ఉన్నాయా లేవా అన్న సందేహం రాదు. బోధన విషయానికి వచ్చేసరికి మొదటి సమావేశంలోనే చిక్కుపడ్డాం. తలుపు మూసిన గదిలో యాభై నిమిషాల పాటు జరిగి, బోర్డు తుడవగానే ఆనవాలు లేకుండా పోయే పనిని, ఆ గదిలో ఎన్నడూ కూర్చోని ఐదుగురు ఎలా తూకం వేయగలరు?

ప్రస్తుతం మా ముసాయిదాలో 100 మార్కులకు 60 విద్యార్థుల ఫీడ్‌బ్యాక్‌కు, 20 విభాగాధిపతి సిఫారసుకు, 20 అభ్యర్థి రాసుకునే స్వీయ నివేదికకు కేటాయించాం. శాశ్వత నియామకంలో ఉండి ఐదేళ్ళ సర్వీసు పూర్తి చేసినవారే అర్హులన్న నిబంధన కూడా ఉంది. ఈ కేటాయింపు నాకు తృప్తిగా లేదు, కానీ దీని స్థానంలో ఏం పెట్టాలో స్పష్టంగా చెప్పలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు దయచేసి లోపాలు ఎత్తిచూపండి.

లెక్కలపురుగు

సుద్దముక్క గారూ, ముందుగా ఆ 60 మార్కుల సంగతి చూద్దాం. విద్యార్థుల రేటింగు ఏదో ఒకదాన్ని కొలుస్తుందన్నది నిజమే, అయితే అది కొలిచేది నేర్చుకున్నదాన్ని కాదని అనుమానించడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది అమెరికా వైమానిక దళ అకాడమీ విద్యార్థుల సమాచారం మీద స్కాట్ కారెల్, జేమ్స్ వెస్ట్ 2010లో ప్రచురించిన అధ్యయనం. అక్కడ ఏ విద్యార్థి ఏ అధ్యాపకుడి సెక్షనులో చేరతాడన్నది విద్యార్థి ఇష్టం కాదు, యాదృచ్ఛికంగా నిర్ణయమవుతుంది. పరీక్ష అందరికీ ఒకటే. పై కోర్సులు కూడా అందరికీ తప్పనిసరి. బోధన ప్రభావాన్ని విడదీసి చూడటానికి ఇంతకన్నా అనువైన చోటు దొరకడం కష్టం. తేలిందేమిటంటే, అనుభవం తక్కువగా ఉన్న అధ్యాపకుల దగ్గర కాలిక్యులస్ చదివినవారు ఆ కోర్సులో మంచి మార్కులు తెచ్చుకున్నారు, తమ అధ్యాపకులకు మంచి రేటింగులు కూడా ఇచ్చారు. అనుభవం, ఉన్నత అర్హతలు ఉన్నవారి దగ్గర చదివినవారు ఆ కోర్సులో కాస్త వెనకబడినా, దాని మీద ఆధారపడిన తరువాతి కోర్సుల్లో మెరుగ్గా రాణించారు. మీ ముసాయిదా ఈ రెండో తరహా అధ్యాపకులను మొదటి వడపోతలోనే తీసి పక్కన పెడుతుంది.

రెండో ఉదాహరణ హార్వర్డ్‌ది. అక్కడి ప్రాథమిక భౌతికశాస్త్ర తరగతుల్లో ఒకే పాఠాన్ని కొందరికి చక్కటి ఉపన్యాసంగా చెప్పారు, కొందరి చేత జట్లుగా సమస్యలు చేయించారు. 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం, సమస్యలు చేసినవారు పరీక్షలో ఎక్కువ నేర్చుకున్నట్టు తేలింది, కానీ తాము తక్కువ నేర్చుకున్నామని వాళ్ళే అనుకున్నారు. బుర్రకు పని పెడితే కలిగే అలసటను మనం అర్థం కాకపోవడంగా భావిస్తాం. ధారాళమైన ఉపన్యాసం వింటే అంతా అర్థమైపోయిందనుకుంటాం.

ఇక అంబాడీ, రోజెంతాల్ 1993లో చేసిన పరిశోధన తెలిస్తే మీ కమిటీకి నిద్ర పట్టదు. అధ్యాపకులు పాఠం చెబుతున్న వీడియోల నుంచి అర నిమిషానికి మించని ముక్కలను, శబ్దం లేకుండా, ఆ అధ్యాపకులతో ఏ పరిచయమూ లేనివారికి చూపించారు. వాళ్ళు ఇచ్చిన అంచనాలు సెమిస్టరు చివర అసలు విద్యార్థులు ఇచ్చిన రేటింగులతో చాలావరకు సరిపోయాయి. మాట ఒక్కటీ వినకుండానే చెప్పగలిగిన సంగతికి మనం నూటికి 60 ఇస్తున్నాం.

మూడో బెంచీ

నేను ఈ మధ్యే పీజీ పూర్తి చేసినవాణ్ణి. లెక్కలపురుగు గారు చెప్పిన అధ్యయనాలను కాదనే స్తోమత నాకు లేదు, కానీ వాటి ఆధారంగా విద్యార్థి మాటే అక్కర్లేదన్న చోటికి మాత్రం చర్చ వెళ్ళకూడదని కోరుకుంటున్నాను. ఒక సెమిస్టరులో నేనెంత నేర్చుకున్నానో నాకు తెలియకపోవచ్చు. కానీ అధ్యాపకుడు సమయానికి వచ్చారా, దిద్దిన జవాబు పత్రాలను తదుపరి పరీక్షకు ముందే తిరిగి ఇచ్చారా, ప్రశ్న అడిగినవాణ్ణి అందరి ముందూ చిన్నబుచ్చారా, సిలబస్‌లో సగం ఆఖరి రెండు వారాల్లో పరుగు పెట్టించారా అన్నవి నాకు తప్ప మరెవరికీ తెలియవు. విభాగాధిపతికి అసలే తెలియవు. మమ్మల్ని అడగవలసినవి ఈ ప్రశ్నలు. “ఈ అధ్యాపకుడు మొత్తం మీద ఎంత సమర్థుడు, 1 నుంచి 5 లోపు చెప్పండి” అని అడిగి, మేము చెప్పిన అంకెను పట్టుకుని మాకు తీర్పు చెప్పడం రాదంటే ఎలా?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఫీడ్‌బ్యాక్ ఇస్తే తప్ప ఫలితాలు కనిపించకుండా చేసే చోట, ఒకే నిలువు వరుసలో పైనుంచి కిందికి మీటలు నొక్కుకుంటూ పోతాం. నేనూ అలాగే నొక్కాను. ఆ అంకెల సగటును రెండు దశాంశ స్థానాల వరకు లెక్క కట్టి ఎవరికో పురస్కారం ఇస్తారని అప్పట్లో నాకు తెలియదు.

లెక్కలపురుగు

మూడో బెంచీ గారి సవరణను పూర్తిగా అంగీకరిస్తున్నాను. తీర్పు అడగడం వేరు, సాక్ష్యం అడగడం వేరు. మొదటిదాన్ని తొలగించి రెండోదాన్ని ఉంచాలన్నదే నా ఉద్దేశం కూడా, రాసేటప్పుడు ఆవేశంలో అది మరుగున పడింది.

పాత మాస్టారు

ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నాను. చాలా ఏళ్ళ కిందట నాకు ఇటువంటి పురస్కారమే వచ్చింది, కాబట్టి లోపలి సంగతి కొంత తెలుసు.

సభలో చదివిన ప్రశంసాపత్రంలో నా వాగ్ధాటి గురించి, నిండిన తరగతి గదుల గురించి నాలుగు వాక్యాలున్నాయి. అవేవీ అబద్ధాలు కావు. కానీ ఆ ఏడాది నేను చేసిన పనుల్లో చెప్పుకోదగ్గది ఒక్కటే. అంతకుముందు రెండుసార్లు తప్పిన పద్దెనిమిది మందిని సాయంత్రాలు కూర్చోబెట్టి, వాళ్ళ పాత జవాబు పత్రాలను వాళ్ళ చేతనే దిద్దించాను. ఎక్కడ తప్పు చేశారో కాకుండా, ఆ తప్పు చేసిన క్షణంలో ఏమనుకుని అలా రాశారో పక్కన రాయమన్నాను. ఆ రాతలు చదివిన తరువాతే, నేను పదేళ్ళుగా ఒక భావనను తలకిందులుగా పరిచయం చేస్తున్నానని నాకు అర్థమైంది. మరుసటి ఏడు ఆ పాఠం వరుస మార్చేశాను. ఈ సంగతి ఏ దరఖాస్తులోనూ రాయలేదు, ఎందుకంటే దాన్ని రాయడానికి దరఖాస్తులో గడి లేదు. “నవకల్పనలు” అన్న గడి ఒకటి ఉంది; అందులో స్లైడ్లు వాడుతున్నానని రాశాను.

పురస్కారం వచ్చాక జరిగింది ఇంకా విచిత్రం. బోధనలో నిపుణుడినని తేలింది కాబట్టి నన్ను వరుసగా మూడు కమిటీల్లో వేశారు. ఆ బాధ్యతల వల్ల నా తరగతులను మూడింటి నుంచి ఒకటికి తగ్గించారు. బాగా పాఠం చెప్పినందుకు పాఠం చెప్పే పని నుంచి విముక్తి లభించిందన్న మాట. దీన్ని ఫిర్యాదుగా రాయడం లేదు, ఆ రోజుల్లో నేను కూడా అది గౌరవమనే అనుకున్నాను. సుద్దముక్క గారూ, మీ నియమావళిలో గ్రహీత మరుసటి రెండేళ్ళలో ఏం చేస్తారన్నది కూడా ఒక వాక్యం రాయండి.

గంటకింత

శాశ్వత నియామకంలో ఉన్నవారే అర్హులన్న నిబంధనను అందరూ చదువుకుంటూ దాటిపోయారు, నేను దాటలేకపోయాను. నేను గంటల లెక్కన వేతనం తీసుకునే గెస్ట్ ఫ్యాకల్టీని. మొదటి సంవత్సరం సెక్షన్లలో అధికభాగం మాలాంటివారికే ఇస్తారు. పెద్ద తరగతులు, బలహీనమైన పునాదులు, ఎక్కువ పత్రాలు దిద్దవలసిన కోర్సులు అవే. విద్యార్థి చదువులో నిలబడతాడా మానేస్తాడా అన్నది చాలాసార్లు ఆ మొదటి ఏడాదిలోనే తేలుతుంది. విశ్వవిద్యాలయం ఉత్తమ బోధన కోసం వెతుకుతానంటూ బోధన ఎక్కువగా జరిగే గదులకే తాళం వేసుకుని వెతకడం మొదలుపెట్టింది.

ల్యాబ్ కోటు

గంటకింత గారి మాటకు తోడుగా మరొకటి చెప్పాలి. పురస్కారం ఒక వ్యక్తికే ఎందుకివ్వాలి? మా విభాగంలో మొదటి ఏడాది ప్రయోగశాల కోర్సును ముగ్గురు అధ్యాపకులు, ఇద్దరు ల్యాబ్ సహాయకులు, నలుగురు పరిశోధక విద్యార్థులు కలిసి నడుపుతారు. రికార్డులో కాపీ కొట్టే అలవాటును మాన్పించడానికి ప్రయోగాల సూచనలన్నింటినీ తిరగరాశారు. దశలను వరుసగా చెప్పే బదులు ఒక ప్రశ్న ఇచ్చి, పరికరాలు చూపించి, పద్ధతి విద్యార్థుల చేతనే రాయించారు. ఆ పనిలో సగం ఆలోచన ఒక ల్యాబ్ సహాయకుడిది. ఏ బల్ల దగ్గర ఏ జట్టు ఎక్కడ ఆగిపోతుందో ఆయనకు తెలిసినంతగా మా ఎవరికీ తెలియదు. దీనికి పురస్కారం ఇవ్వాలంటే ఎవరి పేరు రాయాలి?

ఈ ఇబ్బందిని ఇతరులూ గమనించారు. బ్రిటన్‌లో జాతీయ బోధనా ఫెలోషిప్పులు 2000లో వ్యక్తులకిచ్చే గౌరవంగానే మొదలయ్యాయి. మొదటి విడతలో 20 మందిని ఎంపిక చేసి, బోధనకు సంబంధించిన ప్రాజెక్టు కోసం ఒక్కొక్కరికి 50,000 పౌండ్లు ఇచ్చారు. 2016లో జట్లకు ప్రత్యేకంగా మరో పురస్కారాన్ని చేర్చారు. మీ రెండింటిలో ఒకటైనా జట్టుకు కేటాయించమని నా సూచన.

ఎదురుగాలి

అందరూ పురస్కారాన్ని ఎలా ఇవ్వాలని చర్చిస్తున్నారు, అసలెందుకివ్వాలని అడిగేవాడు ఒక్కడైనా ఉండాలి కదా. నా అభిప్రాయంలో ఇటువంటి పురస్కారాలు సంస్థకు తప్పించుకునే దారిగా ఉపయోగపడుతున్నాయి. వందలాది అధ్యాపకుల్లో ఇద్దరిని వేదిక ఎక్కిస్తే బోధనను గౌరవించినట్టవుతుంది. పదోన్నతి సమయంలో మాత్రం ఎప్పటిలాగే పరిశోధన పత్రాలు లెక్కపెట్టుకోవచ్చు. అమెరికా విద్యావేత్త ఎర్నెస్ట్ బోయర్ 1990లోనే కొత్త జ్ఞానాన్ని కనుగొనడం, వేర్వేరు రంగాలను సమన్వయించడం, జ్ఞానాన్ని సమాజానికి వినియోగించడం, బోధించడం అనే నాలుగూ విద్వత్తులో భాగాలేనని వాదించాడు. అప్పటి నుంచి ఆ మాటను ఉటంకించని విశ్వవిద్యాలయం లేదు, పూర్తిగా పాటించింది కూడా నాకు కనిపించలేదు.

పైగా పురస్కారాలు శాశ్వతం కావు. అమెరికాలో కార్నెగీ ఫౌండేషన్ తోడ్పాటుతో 1981 నుంచి ఏటా ఉత్తమ ప్రొఫెసర్లను ఎంపిక చేసిన జాతీయ కార్యక్రమం 2015 తరువాత ఆగిపోయింది. పురస్కారాన్ని ఒక తీర్మానంతో ఆపేయవచ్చు. పదోన్నతి నిబంధనల్లోకి ఎక్కినదాన్ని అంత సులువుగా తీసేయలేరు. శ్రమ పెట్టదలిస్తే అక్కడ పెట్టండి.

పాత మాస్టారు

ఎదురుగాలి గారూ, మీ కోపం న్యాయమైనదే కానీ మీరు చూపిన దారి నేను నడిచి చూసినదే. ఎలా కొలవాలో తేలకుండా బోధనను పదోన్నతిలోకి ఎక్కిస్తే, దొరికిన అంకెనే ఎక్కిస్తారు. ఆ అంకె మళ్ళీ ఫీడ్‌బ్యాక్ సగటే అవుతుంది. కెనడాలో రయర్సన్ విశ్వవిద్యాలయంలో జరిగింది అదే. చివరికి వివాదం మధ్యవర్తి ముందుకు వెళ్ళి, పదోన్నతికి, శాశ్వత నియామకానికి బోధనా సామర్థ్యాన్ని తేల్చడంలో విద్యార్థుల రేటింగులను వాడరాదని 2018లో తీర్పు వచ్చింది. తప్పు కొలబద్ద ఇద్దరి పురస్కారాన్ని పాడు చేస్తే నష్టం కొద్దిదే, అందరి ఉద్యోగాలను పాడు చేస్తే అది వేరే సంగతి. పురస్కారం చిన్నది కాబట్టే అక్కడ కొత్త పద్ధతిని పరీక్షించి చూడవచ్చు. నాలుగేళ్ళు నడిచి నమ్మకం కుదిరిన పద్ధతిని ఆ తరువాత పదోన్నతిలోకి తీసుకెళ్ళమని అడగవచ్చు.

ఎదురుగాలి

నాలుగేళ్ళ తరువాత తీసుకెళ్ళే తేదీ నియమావళిలోనే రాసి ఉంటే ఒప్పుకుంటాను. లేకపోతే ఒప్పుకోను.

సుద్దముక్క

అందరికీ కృతజ్ఞతలు. ఒక ఆచరణాత్మకమైన ప్రశ్న అడుగుతాను. రేటింగు సగటును తీసేస్తే ఖాళీ అయిన చోట ఏ పత్రాలు అడగాలి? స్వీయ నివేదికను పెద్దది చేస్తే, బాగా బోధించేవారికి బదులు బాగా రాసేవారు గెలుస్తారన్నది మా కమిటీలో ఒకరి భయం.

పాత మాస్టారు

ఆ భయం సరైనదే. నివేదికను రెండు పేజీలకు మించనివ్వకండి, దానికి తోడు అతకని కాగితాలు అడగండి. అతకని కాగితాలంటే, పురస్కారం కోసం కాకుండా పని కోసం పుట్టినవి. గత రెండేళ్ళలో తాను తయారు చేసిన ఒక ప్రశ్నపత్రం. పేరు తొలగించిన, తన చేతితో దిద్దిన మూడు జవాబు పత్రాలు, వాటిలో ఒకటి బాగా రాసినవాడిది, ఒకటి సగటువాడిది, ఒకటి తప్పినవాడిది. ఒక పాఠాన్ని మార్చిన సందర్భం, మార్పుకు ముందు ఎలా ఉండేదో తరువాత ఎలా ఉందో చూపే నోట్సు. ఈ మూడూ చాలు. ప్రశ్నపత్రం చూస్తే ఆ అధ్యాపకుడు విద్యార్థి నుంచి జ్ఞాపకశక్తిని కోరుతున్నాడా ఆలోచనను కోరుతున్నాడా అన్నది పది నిమిషాల్లో తెలిసిపోతుంది. తప్పినవాడి పత్రం మీద ఎర్ర సిరాతో ఏం రాశారో చూస్తే మిగతాది తెలుస్తుంది. కొట్టివేత గీత, సున్నా తప్ప మరేమీ లేని పత్రాలు నేను వేలల్లో చూశాను. నావి కూడా మొదటి పదేళ్ళు అలాగే ఉండేవి.

లెక్కలపురుగు

దీనికి తరగతి సందర్శన చేర్చాలి, అయితే జాగ్రత్తలతో. ఒకే ఒక్క సందర్శన ప్రదర్శనగా మారుతుంది. ఒకే విభాగం వారు వెళ్తే స్నేహమో వైరమో తోడవుతుంది. వేరే విభాగం నుంచి ఒకరు, అదే సబ్జెక్టు తెలిసిన బయటి సంస్థ నుంచి ఒకరు చొప్పున రెండు వేర్వేరు వారాల్లో వెళ్ళి, చూసింది చూసినట్టు రాయాలి. ఎన్ని నిమిషాలు అధ్యాపకుడు మాట్లాడాడు, ఎన్ని ప్రశ్నలు విద్యార్థుల నుంచి వచ్చాయి, జవాబు కోసం ఎంతసేపు ఆగాడు అన్న వివరాలు రాయమనండి. బాగుందా లేదా అన్న తీర్పును కమిటీకి వదిలేయమనండి.

సబ్జెక్టు తెలిసినవారు ఎందుకంటారా? 1970లో అమెరికాలో ఒక నటుడికి పెద్ద పండితుడని పేరు పెట్టి, అర్థం లేని ఉపన్యాసం ఒకటి నేర్పించి, వైద్యవిద్యకు సంబంధించిన నిపుణుల ముందు నిలబెట్టారు. విన్నవారిలో ఎక్కువమంది ఉపన్యాసం బాగుందనే రాసిచ్చారు. దాన్ని తలచుకున్నప్పుడల్లా నవ్వు వస్తుంది, ఆ సభలో నేనుంటే ఏం రాసి ఉండేవాణ్ణో అనుకుంటే నవ్వు ఆగిపోతుంది.

మూడో బెంచీ

విద్యార్థులను అడగడానికి సరైన సమయం సెమిస్టరు చివరి వారం కాదని నాకనిపిస్తుంది. మొదటి ఏడాది నాకు నచ్చని ఒక అధ్యాపకురాలు ఉన్నారు. ఆమె ఏ ప్రశ్నకూ నేరుగా జవాబు చెప్పేవారు కాదు. “నువ్వేమనుకుంటున్నావో ముందు చెప్పు” అనేవారు. రేటింగులో నేను తక్కువే ఇచ్చి ఉంటాను. మూడో ఏడాది ప్రాజెక్టు చేస్తున్నప్పుడు, ఎవరినీ అడగకముందే నేను ఆ ప్రశ్న నన్నే వేసుకుంటున్నానని గమనించాను. చదువు ముగించి రెండేళ్ళయినవారిని అడగండి. “మీకు బాగా పనికొచ్చిన కోర్సు ఏది, అందులో ఏం జరిగింది?” అన్న రెండే ప్రశ్నలు చాలు, అధ్యాపకుల పేర్ల జాబితా ముందు పెట్టకండి, పేరు వాళ్ళే రాయాలి.

గంటకింత

ఈ కాగితాలన్నీ సిద్ధం చేయడానికి కనీసం వారం పడుతుంది. ఆ వారానికి శాశ్వత ఉద్యోగికి జీతం వస్తుంది, నాకు రాదు. అర్హత నిబంధన మార్చినా, దరఖాస్తు ఎవరికి వారే పెట్టుకోవాలంటే నాలాంటివారు కాగితం మీద అర్హులుగా మిగిలిపోతారు. నామినేషన్ పూర్వ విద్యార్థుల సమాధానాల నుంచి రావాలి, కాగితాలు సేకరించే పని కమిటీ కార్యాలయం చూసుకోవాలి.

ల్యాబ్ కోటు

నగదు బహుమతి గురించి ఎవరూ మాట్లాడలేదు. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం ఇచ్చే చెర్రీ పురస్కారం విలువ 2,50,000 డాలర్లు; గ్రహీత అక్కడికి వెళ్ళి కొంతకాలం పాఠాలు చెప్పాలి. కెనడాలో 1986 నుంచి ఏటా పదిమందికి ఇస్తూ వచ్చిన 3ఎమ్ ఫెలోషిప్పులో ప్రధాన ఆకర్షణ డబ్బు కాదు, ఆ పదిమందీ కలిసి కొన్ని రోజులు గడిపే సమావేశం. రెండింటిలోనూ గ్రహీతను బోధన వైపే నడిపించే ఏర్పాటు ఉంది. పాత మాస్టారు గారికి జరిగినట్టు కమిటీల వైపు కాదు.

సుద్దముక్క

నిన్న మా కమిటీ మూడోసారి సమావేశమైంది. ఇక్కడ వచ్చిన సూచనలను నాలుగు పేజీలుగా రాసి ముందు పెట్టాను. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

రేటింగు సగటు పూర్తిగా పోయింది; దాని బదులు మూడో బెంచీ గారు చెప్పిన తరహాలో జరిగిందా లేదా అని అడిగే ఎనిమిది ప్రశ్నలు వచ్చాయి. వాటికి మార్కులు లేవు, కనీస అర్హతగా మాత్రమే చూస్తారు. ప్రశ్నపత్రం, దిద్దిన పత్రాలు, మార్చిన పాఠం అన్న మూడూ ఏ వాదనా లేకుండా ఆమోదం పొందాయి. దిద్దిన పత్రాల దగ్గర మాత్రం ఒక సభ్యుడు కాసేపు మౌనంగా ఉండి, తాను ఈ పురస్కారానికి దరఖాస్తు చేయబోనని నవ్వుతూ అన్నారు. రెండు పురస్కారాల్లో ఒకటి జట్టుకు వెళ్తుంది, జట్టులో ల్యాబ్ సహాయకుల పేర్లు తప్పనిసరి. బయటి సంస్థ నుంచి పరిశీలకులను పిలవడానికి ఖర్చు ఎక్కువని చెప్పి, వేరే విభాగం వారితో సరిపెట్టారు. సబ్జెక్టు తెలిసిన పరిశీలకుడు లేకపోవడం నాకు లోపంగానే కనిపిస్తోంది. గ్రహీతకు రెండేళ్ళ పాటు కమిటీ బాధ్యతలు ఇవ్వరాదని ఒక వాక్యం చేరింది. పదోన్నతికి ముడిపెట్టే తేదీని రాయడానికి నలుగురు ఒప్పుకోలేదు, కాబట్టి ఎదురుగాలి గారి అసమ్మతిని నా అసమ్మతిగా నమోదు చేయించాను.

శాశ్వత నియామకం అన్న నిబంధన తొలగించాలన్న ప్రతిపాదన 3–2 తేడాతో నెగ్గింది. అయితే నిబంధనల్లో “అధ్యాపకుడు” అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో గంటల లెక్కన పనిచేసేవారు లేరని రిజిస్ట్రారు కార్యాలయం గుర్తు చేసింది. ఆ నిర్వచనాన్ని మార్చే అధికారం మా కమిటీకి లేదు. దాన్ని పాలకమండలికి పంపాం. వచ్చే నెల సమావేశం అజెండాలో అది పద్నాలుగో అంశంగా ఉంది.

గంటకింత

పన్నెండో అంశం దగ్గరే సమయం అయిపోకుండా చూడండి, సుద్దముక్క గారూ.